బుగ్గ వాలితే పరుగు

కుడికన్ను పోయిందన్న సంగతి బావ మొదట చెప్పింది పెళ్ళానికి కాదు, బామ్మర్దికి. అదీ ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో, సానరాయి గోల మధ్య, పక్కవాడి చెవిన పడదన్న ధైర్యంతో.

"ఏంటి పోయింది?" అన్నాడు ఫిట్టరు, రాయికి ఆనించిన ఉలి తియ్యకుండానే.

"కన్నురా. కుడికన్ను."

"జేబులో చూసుకున్నావా?"

అక్క మొగుడితో వేళాకోళం ఆడకపోతే తిన్నది అరగని మనిషి ఫిట్టరు. కానీ బావ తిరిగి తిట్టలేదు. ఖాకీ టోపీ తీసి చంకలో పెట్టుకుని, అరచేత్తో ఎడమకన్ను మూసుకుని, బెంచి మీదున్న టీ గ్లాసు కోసం రెండో చెయ్యి చాపాడు. చెయ్యి గ్లాసుకి జానెడు పక్కగా పోయి ఆకురాళ్ళ మధ్య తడుముకుంది. ఫిట్టరు రాయి ఆపేశాడు.

"ఎప్పట్నించి?"

"కొలిమి గేటు దగ్గర కాపలా వేసినప్పుడు రవ్వ పడింది చూడు, అప్పట్నించి. డిస్పెన్సరీలో చుక్కలేసి పొమ్మన్నారు. కొన్నాళ్ళు పొగలా కనిపించేది. ఇప్పుడు ఆ పొగ కూడా లేదు."

"మరి చెప్పవేం?"

"చెబితే ఏం చేస్తారు? గుడ్డి కాపలావాడికి చేతికర్ర కొనిస్తారా? గేటు ఎటుందో చూపిస్తారు."

ఇన్నాళ్ళూ చెప్పాల్సిన అవసరమూ రాలేదు. వెనకవైపు టవర్ మీద తుపాకీ పట్టుకుని నిలబడటానికి ఒక కన్ను చాలు. అసలు కళ్ళు లేకపోయినా ఫరవాలేదనుకునేవాడు పాత ఆఫీసరు. ఇప్పుడు కొత్తాయన వచ్చాడు. వస్తూనే, ఈ శుక్రవారం కాపలావాళ్ళందరికీ గురి పరీక్ష అన్నాడు. తప్పినవాడు తుపాకీ అప్పగించాలి, తుపాకీతోపాటు కంపెనీ క్వార్టరు కూడా.

"ఎడమ భుజానికి ఆనించుకుని కొట్టకూడదూ?"

"ఎడమవైపు ఎముక వంకరగా అతుక్కుంది కదరా, నీకు తెలీదా? తుపాకీ ఒక్క తన్ను తన్నిందంటే మళ్ళీ రెండు ముక్కలు."

బావ చొక్కాలోంచి ఒక అట్టముక్క తీశాడు. సబ్బుపెట్టె అట్ట. దాన్ని మధ్యలో మడిచి, ఒక కొసని బెంచికి ఆనించి, రెండో కొసని ఏటవాలుగా పక్కకి వంచాడు.

"తుపాకీ నెత్తిన టెలిస్కోపు ఉంటుందిగా. దాని కింద దిమ్మ నిటారుగా ఉంటుంది. అది నిటారుగా కాకుండా ఇట్టా ఎడమకి వంగిందనుకో. తుపాకీ కుడి భుజానే ఉంటుంది. టెలిస్కోపు గొట్టం వచ్చి ఎడమకంటి ముందు నిలబడుతుంది."

"ఇలాంటిది ఎక్కడా దొరకదు బావా."

"దొరికితే నీ మొహం చూడ్డానికి వస్తానా?"

ఫిట్టరు అట్టముక్క అందుకున్నాడు. రెండుసార్లు మడత విప్పి మళ్ళీ మడిచాడు. పని ఒప్పుకున్నాడని బావకి అప్పుడే తెలిసిపోయింది. మడత గోటితో గీరి నొక్కాడంటే ఇక ఆ వస్తువు ఫిట్టరుదే.

ఆ సాయంత్రం క్వార్టర్లో కొలతలు తీశారు. తుపాకీ ఇంటికి తేకూడదు కాబట్టి దాని పొడవుకి ఒక చెక్క కోసి తెచ్చాడు ఫిట్టరు. తలుపు ఓరగా వేసి, బావని గోడకి ఎదురుగా నిలబెట్టి, చెక్కని భుజాన పెట్టమన్నాడు. అక్క వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నాకు తెలియదనుకుంటున్నారు ఇద్దరూ," అంది. "ఆర్నెల్లుగా కంచంలో కుడివైపు వేసిన కూర కుడివైపే ఉండిపోతోంది. కంచం తిప్పి పెడుతున్నా, తింటున్నాడు. ఈయన దాస్తున్నాడు, నేను దాచనిస్తున్నా."

బావ దగ్గాడు.

కొలతకి అసలు అడ్డం కన్ను కాదు, బుగ్గ. చెక్క భుజానికి తగిలిందో లేదో బావ తల దానంతటదే వంగి బుగ్గ చెక్క మీద వాలిపోతోంది. నిద్రొచ్చినవాడు దిండు మీదకి వాలినట్టు. గుడ్డికన్ను చెక్క వెంట చూస్తూ ఉంటుంది, మంచికన్ను గోడ చూస్తూ ఉంటుంది.

"తలెత్తు బావా. నిటారుగా ఉంటేనే కన్ను ఎంత దూరముందో తెలిసేది."

"ఎత్తాను కదరా."

"ఎత్తి మళ్ళీ దించావు."

"ముప్పై ఏళ్ళ అలవాటు. నీకు చెప్పినంత తొందరగా దానికి చెప్పలేను."

ఫిట్టరు సంచిలోంచి ఇనుప బ్రష్షు తీశాడు. తుప్పు గీకే బ్రష్షు. పళ్ళు పైకి వచ్చేలా దాన్ని చెక్కకి మేకులేసి బిగించాడు, సరిగ్గా బుగ్గ వాలేచోట. ఈసారి బావ చెక్క ఎత్తగానే "అమ్మా!" అని తల వెనక్కి లాక్కున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వదిన వచ్చింది అప్పుడే. నడుం మీద గోనెసంచి, బొట్టులేని నుదుటి మీద కూడా బూడిద. ఫిట్టరు చచ్చిపోయిన అన్న పెళ్ళాం. అన్న ఈ ఫ్యాక్టరీలోనే, ఇనుం కాచాక మిగిలే మడ్డి, కరిగిన చిట్టెం మోసే తొట్టి కింద పడి పోయాడు. అజాగ్రత్త అని రాసి కంపెనీ చేతులు కడుక్కుంది. ఇప్పుడు అదే చిట్టెం చల్లారాక పారబోసే బూడిదగుట్ట మీద వదిన లోహపు ముక్కలేరుకుని బతుకుతోంది. మొగుణ్ణి తిన్న బూడిదే కూడు పెడుతోంది అంటుంది, ఎవరైనా జాలి చూపించబోతే.

"ఇదేం శిక్ష అన్నయ్యా? ఏం నేరం చేశావ్?" అంది బ్రష్షు చూసి.

"నీ మరిది నాకు తలెత్తుకు తిరగడం నేర్పుతున్నాడమ్మా."

"అయ్యో, ఆ బుగ్గకా మేకులు కొట్టారు! అదేగా మాకు సైరను."

నలుగురూ నవ్వారు. గుట్ట మీద ఏరుకునే ఆడవాళ్ళందరికీ తెలిసిన కట్టుబాటది. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ ఒప్పుకున్నదీ లేదు. పైన బావ తుపాకీ ఎత్తుతాడు. ఎవరూ లెక్కచెయ్యరు. తలెత్తి ఉన్నంతసేపూ ఏరుకోవచ్చు. ఆఫీసు జీపు వస్తుంటేనో, పైనుంచి ఎవరైనా చూస్తుంటేనో బావ నింపాదిగా బుగ్గ వాలుస్తాడు. బుగ్గ వాలితే పరుగు. అందరూ ముళ్ళకంచె దాటాక బూడిదలోకి ఒక గుండు పేలుతుంది. కంపెనీకి గుండు లెక్క దక్కుతుంది, వాళ్ళకి మూట దక్కుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కరికీ గీరుకున్నది లేదు.

"నీకో వస్తువు తెచ్చా మరిదీ," అని వదిన సంచిలోంచి చెయ్యంత దిమ్మ తీసి గచ్చు మీద పెట్టింది. "ఇనుం కాదు. తేలిగ్గా ఉంది. నీకేమైనా పనికొస్తుందేమోనని అమ్మలేదు."

ఫిట్టరు జేబులో చిన్న ఆకురాయితో మూల గీశాడు. మసి కింద తెల్లగా మెరిసింది. మంచి అల్యూమినియం. గీసిన తురుము పొడిలా రాలకుండా సన్నగా చుట్ట తిరుగుతోంది.

"వదినా, సరిగ్గా దీనికోసమే చూస్తున్నా," అన్నాడు.

*

స్క్రూ వదులైందని చీటీ రాయించి బావ తుపాకీని టూల్ రూమ్‌కి దింపించాడు. ఫిట్టరు ముందు అట్టతో చేశాడు, తర్వాత చెక్కతో. చెక్కది పెట్టి చూస్తే గొట్టం బావ కనుబొమకి తగిలింది. దిమ్మ ముందుకి జరిపాడు. వంపు ఎంతైనా వంచొచ్చు, అది కష్టం కాదు. వంగిన దిమ్మ మీద కూర్చున్నా టెలిస్కోపు చూపు తుపాకీ గొట్టం వెంటే పోవాలి. కాడికి కట్టిన ఎద్దుల్లా రెండూ పక్కపక్కన నడవాలి. ఒకటి ఓరకి పోయిందంటే గుండు ఊరవతల పడుతుంది. మిల్లింగ్ మెషిన్ మీద దిమ్మ కింద రేకు చీలికలు పెట్టి ఏటవాలుగా బిగించి, వెంట్రుకవాసి చొప్పున గీకించాడు. ఆపైన మెషిన్‌ని నమ్మకుండా చేత్తో ఆకురాయి పట్టాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పడం మర్చిపోయాడు. మేస్త్రి రెండుసార్లు వచ్చి చూసి, "ఎవరిది?" అని ఒకసారి కూడా అడగలేదు.

చివర నల్లరంగు పూసి వేడిపలక మీద ఆరబెట్టాడు. బిగించి బావ చేతికిచ్చాడు. బావ తుపాకీ ఎత్తాడు. తల వంగలేదు. మెడ నిటారుగా, గడ్డం పైకి, ఏదో ఆలోచిస్తూ కిటికీలోంచి ఆకాశం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు.

"అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నట్టుందిరా," అన్నాడు. "నీళ్ళట్యాంకు మీద కాకి కనిపిస్తోంది. దాని ముక్కు కనిపిస్తోంది."

శుక్రవారం పరీక్ష అయ్యాక బావ టూల్ రూమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తన టోపీ తీసి బామ్మర్ది నెత్తిన పెట్టి, రెండు చెవులూ పట్టుకుని సర్ది, వెళ్ళిపోయాడు. కుర్ర కాపలావాళ్ళ కంటే బాగా కొట్టాడని తర్వాత ఎవరో చెప్పారు. ఈ వంకర దిమ్మ ఏంటని ఆఫీసరు అడిగితే మెడ పట్టేసింది, వంగదు అన్నాడట.

ఆ ఆనందం మధ్యాహ్నం దాకా ఉంది.

మధ్యాహ్నం ఆఫీసరే వచ్చాడు, బావ తుపాకీ చేత్తో పట్టుకుని. పొట్టి మనిషి, శుభ్రమైన గోళ్ళు, ప్రతివాణ్ణీ మీరనే మర్యాద.

"ఇది చేసింది మీరేనా? చాలా బాగుంది. మీ బావగారి మెడనొప్పి మనకి మంచే చేసింది."

ఖాళీ తుపాకీ భుజానికెత్తి, నిటారుగా నిలబడ్డాడు. "మేస్త్రిగారూ, ఇప్పుడు నేను ఎటు చూస్తున్నాను?"

మేస్త్రి తల గోక్కున్నాడు. "బయటికండీ. మబ్బుల్లోకి."

"మీ జేబులో పెన్ను చూస్తున్నాను. మూత పగిలింది."

మేస్త్రి చెయ్యి జేబు మీదకి పోయింది. ఆఫీసరు నవ్వి తుపాకీ దించాడు.

"చూశారా? గురి పెడుతున్నాడని ఎదుటివాడికి తెలియనే తెలియదు. మనవాళ్ళు తుపాకీ ఎత్తి, వంగి, పెద్ద నాటకం ఆడితే దొంగలు దణ్ణం పెట్టి పోతున్నారు. ఇక బెదిరింపుల్లేవు. కాళ్ళకి కొట్టమన్నాను. ఇవాళ నేనే టవర్ ఎక్కుతున్నాను, మీ బావగారి పక్కన."

ఆయన పోయాక ఫిట్టరు ఆకురాయి అందుకున్నాడు. అది ఏ పని మీద పట్టాలో గుర్తు రాలేదు. ఇనుప బ్రష్షు గుర్తొచ్చింది. "అదేగా మాకు సైరను" అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట చెవుల్తో విన్నాడు, విని నవ్వాడు, నవ్వుతూనే ఇంకో మేకు దిగగొట్టాడు.

"మేస్త్రీ, తుక్కు పారబోసొస్తా," అని ఖాళీ బకెట్టు పట్టుకుని వెనక గుమ్మంలోంచి బయటపడ్డాడు.

ముళ్ళకంచె వెంట పరిగెత్తాడు. చిట్టెం బండి గుట్ట మీద తొట్టి బోర్లిస్తోంది, రాళ్ళు దొర్లే మోతకి భూమి అదురుతోంది. ఆ బండి వచ్చిందంటే కొత్త ముక్కలు పడ్డాయని ఆడవాళ్ళందరూ చీమల్లా పైకి పాకుతారు. పాకుతున్నారు. వదిన పచ్చరంగు చీర అందరికంటే పైన కనిపిస్తోంది. టవర్ మీద బావ తుపాకీ ఎత్తి ఉన్నాడు. తల నిటారుగా ఉంది. పక్కన ఆఫీసరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఎవరో పిల్ల టవర్ వైపు చూసింది. తలెత్తే ఉంది కదా అని మళ్ళీ వంగింది.

"పరిగెత్తండి! వదినా! తల చూడొద్దు, పరిగెత్తండి!" అని అరిచాడు ఫిట్టరు. తన గొంతు తనకే వినపడలేదు. బకెట్టుని కంచె రాటకేసి బాదాడు. బండి మోతలో అదీ కలిసిపోయింది. తన పనితనం నలభై అడుగుల ఎత్తున నిటారుగా నిలబడి ఉంది. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.

అప్పుడు బావ తల వంగింది.

నింపాదిగా వంగింది. టెలిస్కోపు గొట్టం అడ్డొచ్చింది. ఆయన మొహాన్ని దానికేసి నెట్టి, ఇరికించి, బుగ్గని తుపాకీ కట్టెమీద వాల్చాడు. ముప్పై ఏళ్ళుగా వాల్చినట్టే, దిండు మీద వాల్చినట్టే.

"వాలింది!" అని కింద ఎవరో కేక. పిట్టల గుంపు మీద రాయి పడ్డట్టు ఆడవాళ్ళు చెదిరిపోయారు. తుపాకీ పేలింది. పచ్చచీర బోర్లా పడింది.

ఫిట్టరు రెండు చేతులా కంచె పట్టుకున్నాడు. ముల్లు అరచేతిలో దిగింది. చీర లేచింది. చిట్టెం పెళ్ళ మీద మోకాలు చీరుకుపోయి, కుంటుతూ, సంచి మాత్రం వదలకుండా వదిన కంచె దాటింది.

టవర్ మీద ఆఫీసరు ఏదో అంటున్నాడు. బావ మళ్ళీ తుపాకీ ఎత్తాడు, మళ్ళీ బుగ్గ వాల్చాడు. ఆఫీసరు వంగి ఆయన మొహంలోకి దగ్గరగా చూశాడు. జేబులోంచి పెన్ను తీసి కుడికంటి ముందు అటూ ఇటూ ఆడించాడు. తర్వాత తుపాకీ తీసేసుకున్నాడు.

*

ఆదివారం బావా, అక్కా ట్రంకుపెట్టెతో ఫిట్టరు ఇంటికి చేరారు. ఉన్న ఒక్క గదిలో మధ్యన చీర అడ్డం కట్టారు. మోకాలి కట్టుతో నడవలేని వదిన అప్పటికే వంటగదిలో పడుకుని ఉంది. టెలిస్కోపు గొట్టం అంచు వెనక్కి తన్ని బావ ఎడమ కనుబొమ కింద చంద్రవంకలా తెగింది. చుట్టూ నల్లగా కమిలి ఆ మంచికన్ను కూడా సగం మూసుకుపోయింది.

"ఎందుకు వాల్చావు బావా?" అన్నాడు ఫిట్టరు, చీరకి ఇటువైపు నుంచి.

"అలవాటు చావలేదురా. నీ బ్రష్షు పళ్ళు చాల్లేదు."

అక్క తడిగుడ్డ పిండి ఆ కనుబొమ మీద పెట్టింది, కొంచెం గట్టిగానే.

సోమవారం ఆఫీసరు దిమ్మని గుడ్డలో చుట్టి తెచ్చి ఫిట్టరు బెంచి మీద పెట్టాడు.

"మీ బావగారు నన్ను మోసం చేశారు. అది వేరే సంగతి. వస్తువు మాత్రం మంచిది. నాలుగు టవర్లకీ నాలుగు కావాలి. మేస్త్రిగారికి చెప్పాను."

చెయ్యనంటే అదే గేటు తనకీ కనిపిస్తుంది. ఇంట్లో చీరకి అటు ఇద్దరు, ఇటు తను, వంటగదిలో ఒకరు. ఫిట్టరు ఆ దిమ్మని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. మూల దగ్గర బావ మొహానికి ఒరుసుకుని రంగు లేచిపోయింది. లేచినచోట ముక్క తళుక్కుమంది. కిటికీలోంచి పడ్డ ఎండ దాని మీంచి ఎగిరి పైకప్పు మీద రూపాయంత వెలుగై కూర్చుంది. దిమ్మ కదిపితే వెలుగు కదిలింది. ఏటవాలుగా వంచితే గోడ దిగి, గచ్చు మీదకొచ్చింది.

నాలుగూ చేశాడు. వారం పట్టింది. కొలతల్లో ఎక్కడా దొంగతనం చెయ్యలేదు, గురి తప్పితే గంటలో పట్టేస్తారు. వంగిన ముఖం మీద మాత్రం ఎమరీ కాగితం పట్టాడు, ముతకది, సన్నది, ఇంకా సన్నది. ఆపైన నూనెగుడ్డ. చివర అందులో తన మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చనిపించేదాకా రుద్దాడు.

"రంగు వెయ్యలేదేం?" అన్నాడు ఆఫీసరు.

"రంగు మందం అడ్డొచ్చి గాడిలో బిగియదండీ. పేలిన ప్రతిసారీ వదులవుతుంది. మా బావది అందుకే కదిలింది."

ఆఫీసరు ఒక దిమ్మని వెలుతురులో తిప్పాడు. "మీ ఫినిషింగ్ చూస్తే ముచ్చటేస్తుంది," అన్నాడు ఆఫీసరు.

బావ ఉన్న టవర్ మీద ఇప్పుడు కొత్త కుర్రాడు. రెండు కళ్ళూ ఉన్నవాడు. వదిన కట్టు విప్పి మళ్ళీ గుట్టకి పోయిన రోజు డ్యూటీ దిగి ఫిట్టరు కంచె బయట నిలబడ్డాడు. పడమటి ఎండ టవర్ మొహాన కొడుతోంది. కుర్రాడు తుపాకీ ఎత్తాడు. తల నిటారుగా, మబ్బులు లెక్కపెడుతున్నవాడిలా ఉన్నాడు. టవర్ మీద ఒక్క తళుకు తళుక్కుమంది. బూడిద మీద తెల్లటి వెలుగు మచ్చ పాకింది.

"మెరిసింది!" అంది గుట్ట మీద ఒక గొంతు, వదిన అందరికీ నేర్పిపెట్టిన మాటే. కుర్రాడి గురి కుదిరేలోపు గుట్ట ఖాళీ. గుండు బూడిదలో పడి బూడిదే లేచింది.

వదిన కుంటుకుంటూ కంచె దగ్గరికొచ్చి సంచి దించింది. రొప్పుతోంది.

"బాగా పనిచేస్తోంది మరిదీ, నీ సైరను."

ఫిట్టరు తలూపాడు.

"మరి మబ్బు పట్టిన రోజు?"

అతను బెంచి దగ్గర ఈ ప్రశ్నని వారం రోజులూ రుద్దాడు. అది మాత్రం నున్నబడలేదు.

"ఆ రోజు రావద్దు వదినా."

"అలాగే," అంది వదిన, సంచి మూతి బిగించి ముడేస్తూ. "ఇవాళ మబ్బు పట్టిందని ముందు నా పొట్టకి చెప్పి రా. అది ఊరుకుంటే నేనూ ఊరుకుంటా."

మూట నెత్తిన పెట్టమన్నట్టు తల వంచింది. ఫిట్టరు ఎత్తి పెట్టాడు. బరువుగానే ఉంది. ఆమె వెనకే నడుస్తూ అతను పడమటి వైపు చూశాడు, సూర్యుడి కింద నల్లగా ఉన్నది కొండో మబ్బో తేల్చుకోలేక.